సైన్సు ముచ్చట్లు: బుసకొట్టిన గాజుబుడ్డి

పిల్లలూ! పోయిన నెల మనం దీపాల గురించి చెప్పుకున్నాం గదా. ఆ తరవాత నాకు వచ్చిన ఉత్తరాలలో రెండు ఒకే సంగతి అడిగాయి. ఒక అమ్మాయి ఇలా వ్రాసింది: “మా ఇంట్లో పాత వాల్వు రేడియో వుంది. వెనుక అట్ట తీస్తే లోపల గాజుబుడ్లు కనిపిస్తాయి. ఆ బుడ్లలో గాలి కూడా లేదని మా అన్నయ్య అంటాడు. ఏమీ లేని బుడ్డి చిన్న చప్పుడును పెద్ద చప్పుడుగా ఎలా చేస్తుంది?” రెండవ ఉత్తరం ఒక అబ్బాయిది. వాళ్ళ తాతగారి పెట్టెలో నెత్తిమీద లోహపు టోపీ వున్న పెద్ద వాల్వు ఒకటి దొరికిందట. దాని ఒంటిమీద 807 అని అంకె వున్నదట. “దీనితో నేను ఆంప్లిఫయరు చేసుకోవచ్చునా?” అని అడిగాడు.

ఆ అంకె చూడగానే నా గుండె ఒక్కసారి ఝల్లుమన్నది. ఎందుకో ఈ కథ విన్నాక మీకే తెలుస్తుంది. అబ్బాయీ, నీకు జవాబు చివర్లో చెబుతాను. అంతదాకా ఆ వాల్వును పెట్టెలోనే వుంచు.

ముందు అమ్మాయి ప్రశ్న చూద్దాం.

అమెరికాలో ఎడిసన్ విద్యుద్దీపాలు చేసే రోజుల్లో ఒక చిక్కు వచ్చింది. దీపం కొన్నాళ్ళు వెలిగేసరికి గాజు లోపల నల్లగా మసి పట్టేది. దాని సంగతి తేల్చుకోవాలని ఆయన బుడ్డి లోపల ఫిలమెంటుకు తగలకుండా ఒక లోహపు రేకు పెట్టి చూశాడు. ఆ రేకుకు ధన విద్యుత్తు తగిలిస్తే, మధ్యలో తీగ అనేది లేకపోయినా, ఫిలమెంటు నుంచి రేకుకు కరెంటు ప్రవహించింది! రేకుకు ఋణ విద్యుత్తు ఇస్తే ఏమీ ప్రవహించలేదు. 1883లో ఎడిసన్ దీనికి పేటెంటు కోరాడు గాని, అది ఎందుకలా జరుగుతున్నదో ఆయనకు తెలియలేదు. ఎలక్ట్రాన్ అనేది ఒకటి వున్నదని అప్పటికి ఎవరికీ తెలియదు మరి.

మనకు తెలుసు. కాగిన నీటి నుంచి ఆవిరి లేచినట్టుగా, ఎర్రగా కాలిన లోహం నుంచి ఎలక్ట్రాన్లు లేస్తాయి. అవి ఋణ విద్యుత్కణాలు. ఎదురుగా ధన విద్యుత్తు గల రేకు వుంటే దానివైపు పరుగెత్తుతాయి. గాలి వుంటే దారిలో అణువులు అడ్డుపడతాయి, ఫిలమెంటు కూడా కాలిపోతుంది. అందుకే బుడ్డి లోంచి గాలి తీసివేస్తారు.

1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ ఈ తమాషాను పనిలో పెట్టాడు. కరెంటు ఒక్క వైపే పోతుంది గనక ఆయన దీనికి వాల్వు అని పేరు పెట్టాడు. వాల్వు అంటే ఒక్క దిక్కుకే తెరుచుకునే తలుపు. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ అనే ఆయన ఫిలమెంటుకూ రేకుకూ మధ్య, పాము మెలికలాగా వంచిన ఒక సన్నటి తీగ పెట్టాడు. దాని పేరు గ్రిడ్డు. ఈ ఒక్క తీగ ముక్క లోకాన్నే మార్చివేసింది.

ఎలాగంటారా? మీలో కాలువ లాకులు చూసినవారు చాలామంది వుంటారు. లాకు మీద నిలబడి ఒక మనిషి చక్రం తిప్పుతాడు. తలుపు జానెడు లేస్తుంది. అవతల ఎన్నో ఊళ్ళ పొలాలు తడిసేటంత నీరు పరుగెత్తుతుంది. ఆ నీటిని తోసినది ఆ మనిషి బలమా? కాదు. బలం నదిది. మనిషి చేసినదల్లా తలుపు కదపటమే. వాల్వులో గ్రిడ్డు ఆ తలుపు వంటిది. దానికి కాస్త ఋణ విద్యుత్తు ఇస్తే, ఎలక్ట్రాన్లు కూడా ఋణమే గనక, “వెనక్కు పోండి!” అని నెట్టివేస్తుంది. ఆ ఋణం తగ్గిస్తే దారి ఇస్తుంది. గ్రిడ్డు మీద చిన్న కదలిక ప్లేటు కరెంటులో పెద్ద కదలిక అవుతుంది. చప్పుడును పెద్దది చేసేది వాల్వు కాదమ్మా. గోడలోంచి వచ్చే కరెంటుకు ఆ బలం వుంది. వాల్వు లాకు మనిషి మాత్రమే.

ఇక 807 సంగతికి వచ్చే ముందు, హాములు అనే ఒక జాతి మనుషుల గురించి చెప్పాలి. వీరు డబ్బు కోసం గాక సరదా కోసం, ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లోనే చిన్న రేడియో స్టేషను పెట్టుకుని దేశ దేశాల వారితో మాట్లాడతారు. మన దేశంలో 1921లోనే అమరేంద్ర చంద్ర గుప్తూ అనే ఆయన ఇటువంటి స్టేషను నడిపాడు. మన వారి స్టేషన్ల పేర్లు వీ, యూ అనే అక్షరాలతో మొదలవుతాయి.

ఆ 1921లోనే ఒక పెద్ద పందెం జరిగింది. అప్పటిదాకా చాలామంది హాములు నిప్పురవ్వలతో రేడియో తరంగాలు పుట్టించేవారు. అంటే రెండు లోహపు మొనల మధ్య చిటపటమని మెరుపులు మెరిపించి, ఆ మెరుపుల తోనే కబురు పంపటమన్నమాట. వీధి అంతటికీ వినిపించేటంత మోత! ఆ తరంగాలు కుదురుగా వుండవు, చెరువులో గంపెడు రాళ్ళు ఒక్కసారి విసిరినట్టు నాలుగు దిక్కులకూ చెదిరిపోతాయి. “వాల్వుతో పుట్టించే తరంగం సన్నగా, కుదురుగా వుంటుంది, అదే దూరం పోతుంది,” అని కొందరు వాదించేవారు. వాదన తేలటానికి అమెరికా హాములు పాల్ గాడ్లీ అనే ఆయనను మంచి రేడియో ఒకటి ఇచ్చి ఓడ ఎక్కించి స్కాట్లండుకు పంపారు. ఆయన ఆర్డ్రోసన్ అనే ఊళ్ళో సముద్రపు ఒడ్డున డేరా వేసుకుని, డిసెంబరు నెల చలిలో, వానలో, రాత్రిళ్ళు చెవులకు ఫోన్లు తగిలించుకుని కూర్చున్నాడు. ఇక్కడ అమెరికాలో గ్రీనిచ్ అనే ఊళ్ళో కొందరు స్నేహితులు వాల్వులతో 1బీసీజీ అనే స్టేషను కట్టారు. డిసెంబరు 11వ తేదీ రాత్రి ఆ స్టేషను పంపిన కబురు, మొదటి మాట నుంచి చివరి మాట దాకా, దాదాపు 5,000 కిలోమీటర్ల సముద్రం దాటి ఆ డేరాలో వినిపించింది. నిప్పురవ్వల స్టేషన్లు కూడా కొన్ని వినిపించాయి గాని, వాల్వు స్టేషన్లే ఎక్కువ. రెండేళ్ళ తరవాత, 1923 నవంబరులో, ఫ్రాన్సు లోని నీస్ నుంచి లియాన్ డెలాయ్, అమెరికా నుంచి ఫ్రెడ్ ష్నెల్ ఒకరితో ఒకరు మాట్లాడుకోగలిగారు. ఆ తరవాత నిప్పురవ్వల కాలం ఎన్నాళ్ళో సాగలేదు.

1బీసీజీ కట్టిన వారిలో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే ఆయన వున్నాడు. ఈ పేరు గుర్తుంచుకోండి. నా కథలో ఆయన ఒక విధంగా దొంగకు గురువు!

ఇప్పుడు నా కథ.

1969 వేసవి సెలవులకు నేను గోదావరి జిల్లాలో మా అమ్మమ్మగారి ఊరు వెళ్ళాను. మా మేనమామ అక్కడ బడిపంతులు. ఆయనకు హాము లైసెన్సు వుంది. పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య 66 అడుగుల రాగితీగ కట్టి వుండేది. అదే ఏరియల్. గదిలో బల్లమీద ఒక అల్యూమినియం పెట్టె, పక్కన మోర్సు కీ. ఆయన మాటలతో మాట్లాడడు. టక్కు టిక్కు అని చుక్కలూ గీతలూ కొడతాడు. ఆ ఏడు ఆయన కొత్తగా ఒక ఆంప్లిఫయరు కడుతున్నాడు. రెండవ ప్రపంచ యుద్ధంలో సైన్యాల రేడియోలలో 807 వాల్వులు విరివిగా వాడారు. యుద్ధం ముగిశాక మిగిలిపోయినవి పాత సామాన్ల అంగళ్ళకు చేరాయి. అలా మద్రాసులో ఒకటి ఆయన చేతికి చిక్కింది.

ఆయన నాకు మొదట చెప్పిన పాఠం ఉయ్యాల పాఠం. “ఒరేయ్, ఉయ్యాల ఊపటానికి రోజంతా తోస్తూ వుంటావా?” అని అడిగాడు.

“లేదు మామయ్యా. నా దగ్గరికి వచ్చినప్పుడు ఒక్క తోపు తోస్తాను, అంతే,” అన్నాను.

“ఈ వాల్వు చేసేదీ అదే,” అన్నాడు మామయ్య. పెట్టెలో రాగిగొట్టంతో చుట్టిన తీగచుట్ట ఒకటీ, రేకులు తిరిగే కండెన్సరు ఒకటీ వున్నాయి. ఆ రెండూ కలిస్తే ఉయ్యాల. విద్యుత్తు కండెన్సరు లోంచి చుట్టలోకి, చుట్టలోంచి కండెన్సరులోకి ఊగుతుంది, సెకనుకు 70 లక్షల సార్లు! వాల్వు ఒక్కొక్క ఊపుకు ఒక్కొక్క చిన్న తోపు తోసి, మిగతా సేపు విశ్రాంతి తీసుకుంటుంది. కండెన్సరు తిప్పి ఉయ్యాల వేగాన్ని తోపుల వేగంతో కలపటమే శృతి చేయటం.

శృతి కలవకపోతే ఏమవుతుంది? ఈ లెక్క కాస్త శ్రద్ధగా చూడండి. ఆ వాల్వు ప్లేటుకు 600 వోల్టులు ఇచ్చేవాడు మామయ్య. కరెంటు 100 మిల్లీ ఆంపియర్లు, అంటే ఆంపియరులో పదో వంతు. రెంటినీ హెచ్చవేస్తే 60 వాట్లు. శృతి చక్కగా కలిస్తే అందులో 40 వాట్లు ఏరియలుకు పోతాయి. మిగిలిన 20 వాట్లు ప్లేటును వేడి చేస్తాయి. 807 ప్లేటు 25 వాట్ల వేడిని తట్టుకుంటుంది, కాబట్టి భయం లేదు. శృతి తప్పిందనుకోండి, ఏరియలుకు పోయేది తగ్గిపోతుంది, వాల్వు లాగే కరెంటు పైకి పోతుంది, ఆ వాట్లన్నీ ప్లేటు నెత్తిన పడతాయి. చూస్తూ చూస్తూ వుండగానే నల్లటి ప్లేటు కుంకుమరంగుకు తిరుగుతుంది. అందుకని మామయ్య మీటరు మీద కన్ను వేసి కండెన్సరు తిప్పేవాడు. శృతి కలిసిన చోట మీటరు ముల్లు గభాలున కిందికి దిగుతుంది. ఊగే ఉయ్యాలకు తోపు కొంచెమే చాలు గదా! మొదట్లో ఏరియలుకు బదులు 40 వాట్ల మామూలు దీపం తగిలించి చూశాడు. రేడియో తరంగాలతో దీపం వెలగటం నేను చూసింది అదే మొదలు. రాత్రి పడుకున్నాక కూడా నాకు అదే కనిపించింది.

మూడో రోజు పొద్దున పక్కింటి బామ్మగారు గోడ మీదుగా పిలిచారు. ఆవిడకు విజయవాడ రేడియోలో భక్తిరంజని వినకుండా పూట గడవదు.

“అబ్బాయీ, మా రేడియోలో పాము దూరిందిరా. ఒకటే బుస!”

మామయ్య ముఖం చిన్నబోయింది. ఇరుగుపొరుగు రేడియోలను పాడుచేయటమంటే హాములకు తలవంపు. “ఇవాళే చూస్తాను బామ్మగారూ,” అన్నాడు.

వింత ఏమిటంటే, ఆ పొద్దున మామయ్య కీ ముట్టుకోనేలేదు. పెట్టెకు కరెంటు ఇచ్చి, వాల్వు వేడెక్కటానికి వదిలి, కాఫీ తాగుతున్నాడు. కీ నొక్కనప్పుడు ఆ వాల్వు 30 మిల్లీ ఆంపియర్లు మాత్రమే తీసుకుని మెల్లగా కునుకు తీస్తూ వుండాలి. మేము వెళ్ళి చూసేసరికి మీటరు 70 చూపుతోంది, ముల్లు వణుకుతోంది, ప్లేటు ఒక పక్క ఎర్రబడుతోంది. లెక్క కట్టండి: 600 వోల్టులు, 70 మిల్లీ ఆంపియర్లు, 42 వాట్లు! ఏరియలుకు ఏమీ పంపకుండానే! నిద్రపోవలసినవాడు ఎవరికీ చెప్పకుండా ఎక్కడికో పరుగెత్తుతున్నాడు.

మామయ్య మొదట వాల్వునే అనుమానించాడు. పాత సరుకు, లోపల కాస్త గాలి చేరి వుంటుందన్నాడు. కాకినాడ పోయి, స్నేహితుడిని బతిమాలి మరొక 807 తెచ్చాడు. అదీ అంతే. ఆ రానూపోనూ బస్సు ఖర్చులు, ఒక రోజూ దండగ. మంచి పనివాళ్ళు కూడా మొదట తప్పు చేసేది ఇక్కడే. ఆలోచించటం కష్టం, సామాను మార్చటం తేలిక!

అప్పుడు కూర్చుని ఆలోచించాడు. మొదట ఆంప్లిఫయరుకు తోపునిచ్చే చిన్న వాల్వును పీకి పక్కన పెట్టాడు. అయినా ముల్లు 70 దగ్గరే వుంది. అంటే బయటినుంచి వచ్చేదేమీ లేదు, ఈ రోగం పుట్టింది ఈ పెట్టెలోనే. తరవాత పొడుగాటి ఎండు వెదురుబద్ద చివర ఒక చిన్న నియాను దీపం కట్టి, వాల్వు నెత్తిమీది టోపీ దగ్గరకు, తగలకుండా, చేర్చాడు. దీపం గులాబిరంగులో వెలిగింది! అంటే ఎవరూ అడగకుండానే అక్కడ రేడియో తరంగాలు పుడుతున్నాయి.

“మైకు ఈల వేయటం ఎప్పుడైనా విన్నావా?” అన్నాడు మామయ్య. పెళ్ళిపందిళ్ళలో అందరం వింటాం. మైకును లౌడుస్పీకరుకు ఎదురుగా పెడితే కూ... య్ మని కేక! మైకు లోకి పోయిన చిన్న చప్పుడు స్పీకరులో పెద్దదై వస్తుంది, అది మళ్ళీ మైకులో దూరి ఇంకా పెద్దదౌతుంది. వాల్వులోనూ అంతే. ప్లేటు వైపు పెద్ద కదలికలో పిసరు వెనక్కు జారి గ్రిడ్డును చేరితే, వాల్వు దాన్ని పెద్దది చేసి మళ్ళీ ప్లేటుకు పంపుతుంది. ఇందాక గుర్తుంచుకోమన్న ఆర్మ్‌స్ట్రాంగ్, 1912లో, ఇంకా కాలేజీలో చదువుకుంటున్న రోజుల్లోనే, ఈ సంగతిని కావాలని వాడుకున్నాడు. కాస్తంత వెనక్కు పంపితే రేడియో చెవి ఎన్నో రెట్లు పదునౌతుందనీ, మరింత పంపితే వాల్వు తనంతట తానే తరంగాలు పుట్టిస్తుందనీ చూపాడు. ఆయనకు వరమైనది మా మామయ్యకు శాపమైంది.

807 చేసినవారికి ఈ భయం తెలియక కాదు. గ్రిడ్డుకూ ప్లేటుకూ మధ్య స్క్రీను అనే మరొక గ్రిడ్డు అడ్డం పెట్టారు. అది రెండు పనులు చేస్తుంది. ప్లేటు కదలిక గ్రిడ్డును తాకకుండా తెరలాగా కాస్తుంది. పైగా దానికి ఇచ్చే 250 వోల్టుల ధన విద్యుత్తుతో ఎలక్ట్రాన్లను కాథోడు దగ్గరనుంచి పైకి లాగేది ముఖ్యంగా అదే. దాన్ని దాటిన తరవాతనే ప్లేటు వాటిని పట్టుకుంటుంది. ఇంత తెర వున్నా దొంగ ఏ సందులోంచి వస్తున్నట్టు?

మామయ్య శృతి కండెన్సరును ఈ చివరనుంచి ఆ చివరకు తిప్పాడు. ముల్లు ఇటు నుంచి అటు కదలలేదు. నాకేమీ అర్థం కాలేదు గాని, ఆయన తొడ చరిచి లేచాడు.

“పెద్ద ఉయ్యాల పొడుగు మార్చినా వీడికి పట్టటం లేదంటే, వీడు ఊగేది ఆ ఉయ్యాల కాదురా! ఇక్కడ ఇంకో ఉయ్యాల వుంది.”

టోపీ నుంచి కండెన్సరు దాకా వున్న నాలుగంగుళాల తీగను వేలుతో దూరం నుంచే చూపాడు. చుట్టకపోయినా తీగ తీగే. అది చిన్న తీగచుట్టలాగా పనిచేస్తుంది. వాల్వు లోపలి ప్లేటే కండెన్సరుకు బదులు. గ్రిడ్డు వైపూ అలాంటి పొట్టి తీగే వుంది. మీరు పెరట్లో చూడండి, చెట్టుకొమ్మకు కట్టిన పొడుగు తాళ్ళ ఉయ్యాల తాపీగా ఊగుతుంది, పసిపిల్ల ఉయ్యాల గబగబా ఊగుతుంది. ఈ పొట్టి తీగల ఉయ్యాల సెకనుకు 70 లక్షలు కాదు, పది పదిహేను కోట్ల సార్లు ఊగుతోంది! అంత వేగం దగ్గర స్క్రీను తెర కూడా సరిగా కాయలేదు. ఇటువంటి దొంగ డోలనాలను ఇంగ్లీషువాళ్ళు పారసైటు అంటారు. మనం బదనిక అనవచ్చు. చెట్టు తాగవలసిన నీరు తాను తాగి బతుకుతుంది గదా.

దీనికి వైద్యం చెబుతాను గాని, మధ్యలో జరిగింది చెప్పకుండా దాటిపోలేను.

గ్రిడ్డు కాలికి దగ్గరగా 100 ఓముల చిన్న రెసిస్టెన్సు అతకాలి. అందుకు మామయ్య వాల్వును సాకెట్టు లోంచి తీసి గుడ్డమీద పడుకోబెట్టాడు. టోపీకి తగిలే తీగ పెట్టెలోంచి బయటికి వేలాడుతోంది. అతకటం అయ్యాక, వాల్వు లేకుండానే ఒక నిమిషం కరెంటు ఇచ్చి 600 వోల్టులూ సరిగా వస్తున్నాయో లేదో చూశాడు. స్విచ్చి ఆపాడు. గోడలోంచి ప్లగ్గు కూడా పీకేశాడు. “ఆ వాల్వు ఇలా ఇవ్వరా,” అన్నాడు. నేను ఎడమ చేత్తో వాల్వు అందిస్తూ, సాయం చేద్దామని, కుడి చేత్తో ఆ వేలాడే తీగ పట్టుకోబోయాను.

జానెడు దూరంలో వుందేమో నా చెయ్యి. మామయ్య నా చొక్కా పట్టి వెనక్కు లాగాడు. వాల్వు నేలమీద పడి భళ్ళున పగిలింది. నాకు ఏడుపు వచ్చింది. ప్లగ్గు పీకేసింది నేను చూశాను గదా!

ఆయన ఒక్క మాట అనలేదు. గోడకు వేలాడుతున్న కర్ర తీశాడు. దాని చివర రాగికొక్కెం, ఆ కొక్కెం నుంచి భూమికి తీగ. కొక్కేన్ని ఆ వేలాడే తీగకు తాకించాడు. తుపాకీ పేలినట్టు ఫటాలుమన్నది! నీలపు మెరుపు. కొక్కెం మీద నువ్వుగింజంత గుంట పడింది.

కరెంటు లేని పెట్టెలో పిడుగు ఎక్కడిదంటారా? గోడలోంచి వచ్చే కరెంటు ఎగుడుదిగుళ్ళను సరిచేయటానికి పెట్టెలో పెద్ద కండెన్సర్లు వుంటాయి. అవి నీళ్ళతొట్ల వంటివి. కుళాయి కట్టేసినా తొట్లో నీరు వుంటుంది. అందుకని కండెన్సరు మీద 50,000 ఓముల రెసిస్టెన్సు ఒకటి అడ్డంగా కడతారు. తొట్టికి చిన్న చిల్లి పెట్టినట్టన్నమాట. స్విచ్చి ఆపిన అయిదు సెకన్లలో తొట్టి ఖాళీ. మామయ్యా కట్టాడు. కాని అది ఎప్పుడు లోపల తెగిపోయిందో, పైకి చూస్తే ఏమీ తెలియలేదు. మరి ఇన్నాళ్ళూ ఎందుకు బయటపడలేదు? సాకెట్టులో వాల్వు వున్నంత కాలం, స్విచ్చి ఆపాక కూడా దాని కాథోడు కాసేపు వేడిగానే వుంటుంది. తొట్లో వున్నదంతా అదే తాగేసేది. వాల్వు తీసిన ఆ ఒక్క రోజునే తొట్టి నిండుగా వుండిపోయింది.

మామయ్య మంచినీళ్ళు తాగి చాలాసేపు అరుగుమీద కూర్చున్నాడు. ఆ రోజు ఇక పని లేదు. సాయంత్రం అమ్మమ్మకు వాల్వు పగిలిన సంగతి మాత్రమే చెప్పాడు. నేనూ అంతే చెప్పాను. మర్నాడు ఆ తెగిన రెసిస్టెన్సు తీసి, దానికి బదులు రెండు కట్టాడు, ఒకటి తెగినా రెండవది వుండేటట్టు. పెట్టె మూత తీస్తే కరెంటు దానంతట అదే పోయే స్విచ్చి కూడా పెట్టాడు. కర్ర తాకించనిదే వేలు పెట్టగూడదన్న నియమం అంతకు ముందునుంచీ ఆయనకు వుంది. నాకు చెప్పటమే మరిచాడు.

ఇక వైద్యం. అదృష్టవశాత్తు మొదటి వాల్వు బాగానే వుంది గదా, దాన్నే పెట్టి చూశాడు. గ్రిడ్డు దగ్గరి రెసిస్టెన్సుతో మీటరు 70 నుంచి 45కు దిగింది. కాని ముల్లు ఇంకా వణుకుతోంది. నేను, “రెండవ మందు కూడా అప్పుడే వేయవలసింది,” అన్నాను. “రెండూ ఒకేసారి వేస్తే ఏది పనిచేసిందో నీకెలా తెలుస్తుందిరా?” అన్నాడు. తరవాత 50 ఓముల కర్ర రెసిస్టెన్సు మీద రాగితీగ అయిదు చుట్లు చుట్టి, రెంటి చివరలూ కలిపి అతికి, టోపీ దగ్గర కట్టాడు. చూడటానికి పిల్లల బొమ్మలాగా వుంది గాని దానిలో యుక్తి వుంది. సెకనుకు 70 లక్షల ఊపులకు ఆ అయిదు చుట్లు అడ్డమే కాదు, దాటి పోతాయి. పది కోట్ల వేగానికి మాత్రం ఆ చుట్లే గోడ. ఆ దొంగ పక్కనున్న రెసిస్టెన్సు లోంచి పోక తప్పదు. అందులో వాడి బలమంతా వేడిగా మారి ఆరిపోతుంది. ఊగే ఉయ్యాలలో కూర్చుని కాలు నేలకు రాసినట్టు.

ముల్లు 30 దగ్గరకు వచ్చి నిలబడింది. వణుకు లేదు. నియాను దీపం వెలగలేదు.

“బామ్మగారూ! రేడియో పెట్టండి!” అని అరిచాను. ఆవిడ అయిదు నిమిషాలు విని, “పాము పోయింది గాని, వార్తలు వస్తున్నాయిరా, భక్తిరంజని అయిపోయింది,” అని కసిరారు. రెండు రోజుల తరవాత రాత్రి మామయ్య కొలంబోలోని ఒక హాముతో అరగంట టకటకలాడించాడు. కాగితం మీద నాచేత కూడా ఒక్కొక్క అక్షరం వ్రాయించాడు.

ఇది జరిగి యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు మామూలు రేడియోల్లో వాల్వులు లేవు. గింజంత ట్రాన్సిస్టర్లు ఆ పని చేస్తున్నాయి. అయినా ఎక్కువ బలంతో మాట్లాడదలచిన హాములలో కొందరు ఇప్పటికీ ఆంప్లిఫయర్లలో పెద్ద వాల్వులే వాడతారు. శృతి తప్పితే ట్రాన్సిస్టరు కన్ను మూసి తెరిచేలోగా చస్తుంది. వాల్వు ముందు ఎర్రబడి, నీకు కాస్త వ్యవధి ఇస్తుంది. రష్యా, చైనా, స్లొవాకియా దేశాలలో వాల్వులు చేసే ఫాక్టరీలు కొన్ని ఇంకా వున్నాయి. పాత వాల్వు పెట్టెలు బాగుచేసే ముసలివారు ఎవరైనా మీ ఊళ్ళో వుంటే చూసి రండి. ఎండిపోయిన కండెన్సర్లు, వదులైన సాకెట్లు, సరిగా అతకని అతుకులు, ఇవే వారికి నిత్యం తగిలే రోగాలు. బదనిక లాంటి తెలివైన దొంగ అరుదు.

అబ్బాయీ, ఇక నీకు జవాబు. 807తో ఆంప్లిఫయరు చేసుకోవచ్చును. కాని ఇప్పుడు కాదు, ఒంటరిగా అసలే కాదు. అది పనిచేసే 600 వోల్టులు మనిషిని చంపగలవు. తరంగాలు బయటికి పంపటానికి లైసెన్సు కూడా కావాలి. ముందు మోర్సు నేర్చుకో, మీ దగ్గరలో హాములు ఎవరైనా వుంటే వారి పక్కన కూర్చుని చూడు. బాటరీతో నడిచే చిన్న ట్రాన్సిస్టరు రేడియో కట్టు. అది చేతిని కరవదు. తాతగారి వాల్వును దూదిలో చుట్టి దాచు. మాది నేలపాలైంది గదా!

పోయిన నెల చిక్కుప్రశ్నకు జవాబు వ్రాసిన వారందరి జవాబూ ఒప్పే. ఈ నెల చిక్కుప్రశ్న మామయ్య ఆంప్లిఫయరు నుంచే. మరొక రోజు అది మొండికేసింది. వాల్వు లోపల ఫిలమెంటు చక్కగా వెలుగుతోంది. టోపీ దగ్గర 600 వోల్టులూ వున్నాయి. కీ నొక్కితే గ్రిడ్డుకు తోపు మామూలుగానే చేరుతోంది, గ్రిడ్డు మీటరు 3 మిల్లీ ఆంపియర్లు చూపుతోంది. కాని ప్లేటు కరెంటు దాదాపు సున్నా! లోపల ఏదీ ఎర్రబడలేదు. మామయ్య మూత తీయకముందే, “ఫలానా చోట వోల్టేజి లేదురా,” అని చెప్పేశాడు. ఎక్కడ? ఎలా కనిపెట్టాడు? పైన చెప్పిన కథలోనే ఆధారం వుంది. వ్రాయండి, చూద్దాం.